సారథికి పాట తోడు

సంస్కృతంలో సూతశబ్దానికి రెండర్థాలున్నాయి. రథం తోలేవాడు సూతుడు. పురాణం చెప్పేవాడూ సూతుడే. నైమిశారణ్యంలో శౌనకాది మహామునులకు భారతకథ వినిపించిన ఉగ్రశ్రవసుడు సూతుడు. అంధరాజుకు కురుక్షేత్ర వార్తలు విన్నవించిన సంజయుడు సూతుడు. కర్ణుణ్ణి పెంచిన అధిరథుడూ సూతుడే. పగ్గాలు పట్టేవాడికీ కథ చెప్పేవాడికీ ఒకే పేరు ఎలా వచ్చిందని తరగతిలో పిల్లలు అడిగినప్పుడు నేను నవ్వుతూ ఒక ఊహ చెప్పేవాణ్ణి: "దూరం పోయే బండిలో నోరు మూసుకొని కూర్చుంటే తోలేవాడికి నిద్ర వస్తుందర్రా! అందుకని ఏదో ఒకటి చెబుతూ, పాడుతూ ఉండాలి. అలా చెప్పి చెప్పి సారథి కాస్తా పౌరాణికుడైనాడు." ఈ వ్యుత్పత్తిని నిఘంటుకారులు ఒప్పుకోరేమో గాని, లారీ డ్రైవర్లు తప్పక ఒప్పుకుంటారు.

ఈ ఉపోద్ఘాతమంతా ఒక అమెరికను రాక్ బృందాన్ని మీకు పరిచయం చేయడానికి. చదువరులు కంగారు పడవద్దు. భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, జీవితమంతా సంధులూ సమాసాలూ చెప్పుకుంటూ బ్రతికిన నాకు అరవై దాటాక ఈ పిచ్చి ఎలా పట్టిందో ఈ టపా చివరికి వచ్చేసరికి మీకే బోధపడుతుంది.

ఆ బృందం పేరు క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్. పేరు చూస్తే మూడు పదాల దుష్టసమాసంలా ఉంటుంది. మొదటి పదం వారికి తెలిసిన ఒక వ్యక్తి పేరు నుంచీ, రెండోది ఒక బీరు ప్రకటనలోని నిర్మలజలాల ప్రస్తావన నుంచీ వచ్చాయి. మూడోదైన పునరుజ్జీవనం తమ బృందానికి కావాలని వారు కోరుకున్నది. నలుగురు కుర్రవాళ్ళు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పున ఎల్ సెరిటో అనే చిన్న ఊళ్ళో పెరిగారు. జాన్ ఫోగర్టీ పాట వ్రాసేవాడు, పాడేవాడు, ముఖ్య గిటారు వాయించేవాడు. అతని అన్న టామ్ ఫోగర్టీ పక్కన లయ గిటారు. స్టూ కుక్ బేస్ గిటారు. డగ్ క్లిఫర్డ్ డ్రమ్ములు. బడిపిల్లలుగా 1959లో మొదలుపెట్టి, రెండుసార్లు పేరు మార్చుకొని, 1968లో ఈ పేరుతో మొదటి ఆల్బం తెచ్చారు. 1969 ఒక్క సంవత్సరంలోనే మూడు ఆల్బములు. 1972 వచ్చేసరికి బృందం విచ్ఛిన్నమైపోయింది. ఒక శతకకర్త శతకం పూర్తిచేసేంత కాలంలో ఒక యుగం పుట్టి గతించిందన్నమాట.

బిల్‌బోర్డు పట్టికలో వీరి పాటలు అయిదుసార్లు రెండో స్థానం దాకా వెళ్ళాయి, మొదటి స్థానం ఒక్కసారి కూడా దక్కలేదు. తరగతిలో ఎప్పుడూ రెండో ర్యాంకు తెచ్చుకొనే పిల్లవాడి మీద ఉపాధ్యాయుడికి ఒక ప్రత్యేకమైన అభిమానం ఉంటుంది. బహుశా నా అభిమానంలో అది కూడా కలిసి ఉన్నదేమో.

మా అబ్బాయి కాలిఫోర్నియాలో మౌంటెన్ హౌస్ అనే ఊళ్ళో కాపురం ఉంటున్నాడు. మనవాళ్ళు చాలామంది ఉన్న ఊరే. 2024లో దానికి నగరహోదా కూడా వచ్చింది. ఉద్యోగం మాత్రం శాన్‌హోజేలో. నడుమ యాభై మైళ్ళు, ఆల్టమాంట్ కనుమ. ఇళ్ళు ఉద్యోగాలున్న వైపు కొనలేక కొండ కివతల కొనుక్కొని, తెల్లవారుజామున కొండ ఎక్కి దిగి, చీకటి పడ్డాక మళ్ళీ ఎక్కి దిగే వేలాది మందిలో వాడొకడు. కోవిడ్ రోజుల్లో ఇంటినుంచే పని. 2023లో మేము వెళ్ళేసరికి వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్ళడం మొదలైంది. కొన్ని రాత్రులు పని ముగిసి ఇల్లు చేరేసరికి పన్నెండు దాటేది. వాడు వచ్చేదాకా మా శ్రీమతి వీధి గుమ్మం వైపు చూస్తూ కూర్చొనేది. నేను పుస్తకం తెరచి కూర్చొనేవాణ్ణి, అది కూడా చూపే.

నాకు ఊసుపోక కొన్ని ఉదయాలు వాడితోపాటు కారులో వెళ్ళేవాణ్ణి. వాడు ఆఫీసులో ఉన్నంతసేపూ నేను దగ్గరలోని గ్రంథాలయంలో గడిపి, సాయంత్రం కలిసి వచ్చేవాళ్ళం. కారులో మాకు మాటలు తక్కువ. తండ్రీ కొడుకుల మధ్య సంభాషణ ఆరోగ్యం, వాతావరణం, అమ్మ అనే మూడు అంశాలతో ముగుస్తుంది కదా. తరువాత వాడు పాటలు పెట్టేవాడు. మొదటి రోజు వినిపించిన గొంతు గరుకుగా, బొంగురుగా, సంతలో వేలంపాట పాడేవాడి గొంతులా ఉంది. రెండో రోజు నా ప్రమేయం లేకుండా నా చూపుడువేలు మోకాలి మీద తాళం వేసింది. మూడో రోజు నేనే అడిగాను, "ఆ గరుకు గొంతాయన లేడట్రా ఇవాళ?" అని.

నా వేలు పట్టుకున్న తాళం చతురశ్రగతి. నాలుగు మాత్రల నడక. మన ఛందస్సులో దీనికి మధురగతి రగడ అని పేరు. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. రగడలకు పెద్దలు పెట్టిన పేర్లు చూడండి. మూడు మాత్రలది హయప్రచారం, అంటే గుర్రం నడక. అదే రెట్టింపయితే తురగవల్గనం, గుర్రం దౌడు. అయిదు మాత్రలది ద్విరదగతి, ఏనుగు నడక. ఏడు మాత్రలది వృషభగతి, ఎద్దు నడక. దానిలో సగం హరిణగతి, లేడి నడక. ఆనాడు మనిషి ఎక్కి తిరిగిన వాహనాలూ, పక్కన పరుగెత్తిన జంతువులూ అన్నీ ఛందస్సులో ఉన్నాయి. నడకనుంచి లయ పుట్టిందని పేర్లే సాక్ష్యం చెబుతున్నాయి. మన లాక్షణికుల కాలంలో మోటారు కారు ఉండి ఉంటే దానికీ ఒక రగడ తప్పక కట్టి ఉండేవారు. వారు కట్టని ఆ రగడను ఎల్ సెరిటో కుర్రవాళ్ళు కట్టారని నా అభిప్రాయం.

ఈ అభిప్రాయం నాకు ఛందోగ్రంథాలవల్ల కలిగింది కాదు. మా అన్నయ్యవల్ల కలిగింది.

అన్నయ్య నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. నాన్నగారు పోయిన ఏడు పదో తరగతితో చదువు ఆపి లారీ ఎక్కాడు, మొదట క్లీనరుగా, తరువాత డ్రైవరుగా. నేను ప్రాచ్య కళాశాలలో చదివిన అయిదేళ్ళూ నా హాస్టలు బిల్లు ఆ లారీయే కట్టింది. 1976 వేసవి సెలవుల్లో నన్ను తనతో తిప్పాడు. అనకాపల్లిలో బెల్లం ఎత్తుకొని రాజమండ్రి వైపు రావడం. అప్పటి అయిదో నంబరు జాతీయరహదారి (ఇప్పుడది పదహారు) ఒకే వరుస రోడ్డు. ఎదురుబండి వస్తే ఒక చక్రం మట్టిలోకి దింపాలి. బెంజి లారీ. టేపురికార్డరు లేదు. యలమంచిలి దాటాక అన్నయ్య అనేవాడు: "ఒరేయ్ పంతులూ, పాడరా."

అప్పటికి నేనింకా పంతుల్ని కాలేదు. అయినా పిలుపు అదే. నేను గొంతు సవరించుకొని తిరుపతి వేంకటకవుల నాటకపద్యం ఎత్తుకొనేవాణ్ణి. మన రంగస్థల సంప్రదాయం మీకు తెలుసు కదా. పద్యం ఒకపాలు, రాగం మూడుపాళ్ళు. రాగం సగంలో ఉండగా అన్నయ్య చేత్తో తలుపు మీద కొట్టి, "ఆపరా నాయనా! నువ్వు రాగం తీస్తుంటే నా కళ్ళు మూతపడుతున్నాయి. దరువున్నది ఏదైనా వెయ్యి" అనేవాడు. అలా ఆ వేసవిలో నాకు తెలియకుండానే ఒక సంగీతశాస్త్రం నేర్చుకున్నాను. దానికి సూత్రాలు నాలుగు.

మొదటిది, పాటకు దరువుండాలి, ఆ దరువు చక్రంలా ఆగకుండా తిరగాలి. రెండోది, పాట చిన్నదై ఉండాలి. ఒకటి ముగిసి మరొకటి మొదలైనప్పుడల్లా మనిషి ఒకసారి కదులుతాడు, ఆ కదలికే మెలకువ. మూడోది, బాగా తెలిసిన పాటై ఉండాలి. కొత్త పాటయితే బుద్ధి రోడ్డు వదలి పాట వెంట పోతుంది. నాలుగోది చెప్పేటప్పుడు అన్నయ్య నవ్వలేదు. తుని దగ్గర రాత్రి పూట, రోడ్డు పక్కన బోల్తాపడి ఉన్న ఒక లారీని దాటాక చెప్పాడు: "పాట ఎప్పుడు అయిపోయిందో నీకు తెలియలేదనుకో, అప్పటికే నువ్వు నిద్రలో ఉన్నట్టు లెక్క. ఇంకో పాట అడగకూడదు. బండి పక్కకు తీసెయ్యాలి."

ఆ రాత్రి అన్నవరం కొండ దీపాలు కనబడుతుండగా తానే బండి పక్కకు తీసి, స్టీరింగు మీద తల పెట్టుకొని గంటసేపు నిద్రపోయాడు. బెల్లం గంట ఆలస్యంగా చేరింది. షావుకారు నాలుగు మాటలన్నాడు. అన్నయ్య విన్నాడు, తువ్వాలు దులుపుకున్నాడు, అంతే.

ఇప్పుడు క్రీడెన్స్ పాటలను ఈ సూత్రాలతో సరిచూద్దాం. బర్క్లీలో వీళ్ళు సాధన చేసే చోటికి ఫ్యాక్టరీ అని పేరు. కాస్మో అనే ముద్దుపేరున్న డగ్ క్లిఫర్డ్, ప్రతిదినం సాధనకు పోవడం కర్మాగారంలో కొలువుకు పోయినట్టుందని ఆ పేరు పెట్టాడు. అందుకే 1970 నాటి ఆల్బం పేరు కాస్మోస్ ఫ్యాక్టరీ. అతని వాయిద్యం కూడా కొలువు చేసినట్టే ఉంటుంది. అట్టహాసం లేదు, మధ్యలో తన విద్య ప్రదర్శించాలనే ఉబలాటం లేదు. నాలుగు దెబ్బలు, మళ్ళీ నాలుగు దెబ్బలు. మొదటి సూత్రం నెగ్గింది.

రెండో సూత్రం. ఆ కాలపు శాన్‌ఫ్రాన్సిస్కో బృందాలు గంటల తరబడి మనోధర్మం వాయించేవి. వీరి ప్రసిద్ధగీతాలు చాలామటుకు రెండున్నర నిమిషాలకు అటూ ఇటూ. బ్యాడ్ మూన్ రైజింగ్ రెండు నిమిషాల ఇరవై సెకన్ల పాట. సిసపద్యం సాగదీసి పాడేంత వ్యవధి కూడా లేదు. వీరికీ దీర్ఘవ్యసనం కొంత ఉన్నది. సూజీ క్యూ ఎనిమిదిన్నర నిమిషాలు. కాస్మోస్ ఫ్యాక్టరీలో ఒకటి ఏకంగా పదకొండు నిమిషాలు. కీప్ ఆన్ చూగ్లిన్ ఏడు నిమిషాల పైచిలుకు. ఈ చూగ్లిన్ అన్న మాట ఫోగర్టీ కల్పించినది. వింటే రైలింజను మూలిగినట్టుంటుంది కనుక ధ్వన్యనుకరణంగా అంగీకరిస్తున్నాను. ఈ దీర్ఘగీతాలను మా అబ్బాయి ఎదురుగా ట్రాఫిక్ నిలిచిపోయినప్పుడు పెట్టేవాడు. కదలని కారులో నిద్ర వచ్చినా ప్రమాదం తక్కువ కదా.

మార్గానికి మలుపున్న చోట అప్ అరౌండ్ ది బెండ్. 1970 పాట. మొదలులోనే గిటారు ఎత్తుస్థాయిలో హారను మ్రోగించినట్టు పలుకుతుంది. ఆల్టమాంట్ ఎక్కి, కొండల మీద గాలిమరలు తిరుగుతూ కనబడే మలుపులో మా అబ్బాయి దాన్ని సరిగ్గా పడేలా పెట్టేవాడు. అందుకోసం మూడు మైళ్ళ ముందునుంచి లెక్క చూసుకొనేవాడు. నాటకంలో పద్యం అందుకోవలసిన చోటు తెలిసిన హార్మోనిస్టులాగా.

బ్యాడ్ మూన్ రైజింగ్‌తో ఒక చమత్కారం ఉన్నది. 1941 నాటి ఒక చలనచిత్రంలోని తుపాను దృశ్యం చూసి ఫోగర్టీ ఆ పాట వ్రాశాడు. విషయమంతా ప్రళయం, వినాశం, దుశ్శకునం. నడక మాత్రం పెళ్ళి ఊరేగింపు నడక. రసానికీ గతికీ ఇంత వైరం ఉంటే మన ఆలంకారికులు అనౌచిత్యమని ఉరిమేవారు. కాని స్టీరింగు ముందు ఈ అనౌచిత్యమే హితం చేస్తుంది. మాట భయపెడుతుంది, దరువు కదిలిస్తుంది, రెండింటి నడుమ మనిషి కునుకు తీయలేడు. ఆ పాటలో దుష్టచంద్రోదయం చెప్పే చరణాన్ని కోట్లమంది 'కుడివైపున స్నానాలగది ఉన్నది' అన్నట్టుగా విన్నారట. ఫోగర్టీ కూడా సభల్లో సరదాకు అలాగే పాడేవాడు. మా వయసువాళ్ళకు దూరప్రయాణంలో మూలపాఠంకన్నా ఈ పాఠాంతరమే ఎక్కువ పనికివచ్చే సమాచారం.

మూడో సూత్రం, తెలిసిన పాటై ఉండాలనేది. అది కాలం మీద తేలవలసినది. మొదటి నెల నేను సాహిత్యాన్ని కాగితం మీద వ్రాయించుకొని చదివాను. ఆశ్చర్యం ఏమిటంటే, లూసియానా బురదనేలల్లో, మిసిసిపీ నది ఒడ్డున పుట్టి పెరిగినవాడి పాటల్లా ఉంటాయి. కాని మనిషి కాలిఫోర్నియా వాడు. సైన్యపు రిజర్వునుంచి 1968లో విడుదలపత్రం చేతికందిన ఆనందంలో వ్రాసిన ప్రౌడ్ మేరీ ఆ పెద్దనది మీది పడవ పాట. గ్రీన్ రివర్ మటుకు చిన్నప్పుడు సెలవులకు వెళ్ళిన పూటా అనే వాగు జ్ఞాపకం. ఆ పేరు మళ్ళీ వాగుది కాదు, సోడాలో కలిపే ఒక ఆకుపచ్చ పానకం పేరు. కవికి ఊరు చూడవలసిన అవసరం లేదు, మాట రుచి తెలిస్తే చాలు.

ఈ సంగతి లోడైలో బాగా తెలిసింది. అది ఒక ఊరి పేరు, 1969లో వచ్చిన పాట పేరు కూడా. తెలుగు చెవికి ఆ మాట వేరుగా వినబడుతుంది. లారీ లోడై నిలబడింది అంటాం చూడండి, అలా. మౌంటెన్ హౌస్‌నుంచి గంటలోపు ప్రయాణం. స్టాక్టన్ దాటి, పన్నెండో నంబరు రోడ్డు మీద తూర్పుకు తిరిగితే ఇరువైపులా ద్రాక్షతోటలే. ఊళ్ళో 1907లో ద్రాక్షపండుగకోసం కట్టిన తోరణం ఒకటి ఉన్నది, దాని నెత్తిన బంగారురంగు ఎలుగుబంటి. ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని కవిత్వానికి మూడు పాకాలు చెబుతూ తరగతిలో ద్రాక్షపండును బల్ల మీద చిత్రించినవాణ్ణి నేను. తోరణం కింద కారు నెమ్మదిగా పోతుంటే క్రీడెన్స్ వారి కవిత్వం ద్రాక్షాపాకమని అక్కడికక్కడే నిర్ణయం చేశాను. నోట్లో వేసుకోవడమే తరువాయి, వలిచే పని లేదు.

ఫోగర్టీ ఆ పాట వ్రాసేనాటికి లోడై వెళ్ళలేదని తానే చెప్పాడు. పేరు చెవికి ఇంపుగా ఉన్నదని తీసుకున్నాడు. పాటలోని కథ మాత్రం ఇంపైనది కాదు. పేరుప్రఖ్యాతులు వెతుక్కుంటూ బయలుదేరిన ఒక గాయకుడు ఈ ఊళ్ళో చిక్కుపడతాడు. తాగి కూర్చున్నవాళ్ళ ముందు పాడుతూ, వెనక్కి పోవడానికి చార్జీలకు డబ్బుల్లేక, రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండిపోతాడు. నేను ఈ కథాసారం చెప్పి, ఇందులో శోకం స్థాయి అయినా గతి హుషారుగా ఉన్నదని వ్యాఖ్యానం మొదలుపెట్టాను. మా అబ్బాయి రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా అన్నాడు: "ఇది మా పాటే నాన్నగారూ. గ్రీన్ కార్డు వరుసలో నిలబడి పదకొండేళ్ళయింది. ఉద్యోగం మారాలంటే భయం, ఇండియా రావాలంటే వీసా ముద్ర భయం. పెదనాన్న పోయినప్పుడు నేను రాలేకపోయాను, గుర్తుందా?"

గుర్తుంది. నేను వ్యాఖ్యానం ఆపాను. పాట కూడా అయిపోయింది. వాడు ఇంకొకటి పెట్టలేదు. తోటల మధ్య కొంతసేపు చక్రాల చప్పుడు ఒక్కటే వినబడింది. ఆరోగ్యం, వాతావరణం, అమ్మ కాక నాలుగో విషయం మా మధ్యకు వచ్చింది ఆనాడే. తిరుగుదారిలో వాడు అడిగాడు, పెదనాన్న లారీలో నువ్వు నిజంగా పద్యాలు పాడేవాడివా అని. మౌంటెన్ హౌస్ చేరేదాకా అన్నయ్య కథే చెప్పాను, నాలుగు సూత్రాలతో సహా.

ఫోగర్టీ సోదరుల కథ కూడా చెప్పాను. మొదట్లో గాయకుడు అన్న టామే. బృందానికి అతని పేరే ముందుండేది. తమ్ముడి గొంతులో తనకు లేనిదేదో ఉన్నదని తెలిసి, పాటను తమ్ముడికి వదిలి తాను పక్కకు జరిగి లయ గిటారు పట్టుకున్నాడు. లయ గిటారు అంటే వినేవాడు ప్రత్యేకంగా గుర్తుపట్టనిది. అది ఆగిపోతే మాత్రం బండి ఇరుసు విరిగినట్టే. తరువాత మనస్పర్థలు పెరిగి 1971లో టామ్ బృందాన్ని వదిలాడు. ఎండ కాస్తుండగా వాన కురిసే వింతను చెప్పే హ్యావ్ యూ ఎవర్ సీన్ ది రెయిన్ ఆ రోజులదే, పైకి అంతా వెలుగుతున్నప్పుడు లోపల కురిసిన వాన అది. మన పిల్లలయితే ఎండావానా కలిస్తే కుక్కకూ నక్కకూ పెళ్ళి అంటారు. అక్కడ జరిగింది అన్నదమ్ముల వేరుకాపురం. 1990లో టామ్ మరణించాడు, అప్పటికి సోదరుల మధ్య పొరపొచ్చాలు తీరనేలేదు. 1993లో బృందానికి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కినప్పుడు జాన్ తక్కిన ఇద్దరితో కలిసి వాయించడానికి ఒప్పుకోలేదు.

జాన్ జీవితంలో చాలా భాగం వ్యాజ్యాలకే పోయింది. తన పాటల హక్కులు తనకు లేకుండా పోయాయి. 1984లో స్వంతంగా ఒక పాట విడుదల చేస్తే, అది క్రీడెన్స్ నాటి నీ పాటకే అనుకరణమని ఫాంటసీ రికార్డ్స్ వారు దావా వేశారు. కావ్యచౌర్యం గురించి మన లాక్షణికులు ఎంతో వ్రాశారు గాని, తన ఇల్లు తానే దోచుకున్నాడన్న అభియోగాన్ని వారు కూడా ఊహించలేదు. అతడు గిటారు పట్టుకొని సాక్షిబోనులో వాయించి చూపాడు. 1988లో జ్యూరీ అతని పక్షాన తీర్పు చెప్పింది. న్యాయవాదుల ఖర్చుల పేచీ 1994లో సుప్రీంకోర్టు దాకా పోయింది. పాటల హక్కుల్లో అధికభాగం అతని చేతికి వచ్చింది 2023లో, డెబ్బై ఏడేళ్ళ వయసులో.

ఇవన్నీ చదివాక నాకు జాన్ మీద గౌరవం కలిగింది. ప్రేమ మాత్రం టామ్ మీద కలిగింది. ఇప్పుడు ఏ పాట విన్నా నా చెవి ముందుగా వెనకనున్న ఆ లయ గిటారునే వెతుక్కుంటుంది. మా ఊళ్ళో సభల్లో నాకు శాలువాలు కప్పినప్పుడు వెనకవరుస కుర్చీలో తువ్వాలు మెడనేసుకొని కూర్చొనే మనిషి ఒకాయన ఉండేవాడు. ఉపన్యాసం ఎలా ఉందని అడిగితే, "బాగానే ఉందిరా, రాగం ఎక్కువైంది" అనేవాడు. ముప్ఫై ఏళ్ళు లారీ నడిపి, ఒక్క ప్రాణానికీ హాని చేయకుండా, చూపు మందగించాక తాళంచెవి తానే యజమాని బల్ల మీద పెట్టి వచ్చాడు. 2019లో నిద్రలోనే పోయాడు, తన మంచం మీద. ఆ వృత్తిలో ఉన్నవాడికి అది చిన్న భాగ్యం కాదు.

మేము తిరిగి రావడానికి పదిరోజుల ముందు ఒక రాత్రి మా అబ్బాయి పదకొండున్నరకు బయలుదేరుతున్నానని ఫోను చేశాడు. పన్నెండున్నరకు రావలసినవాడు. పన్నెండు ముప్పావు అయింది. ఒంటిగంట అయింది. ఫోను మ్రోగుతోంది, ఎత్తడం లేదు. కోడలు పిల్లవాణ్ణి భుజాన వేసుకొని హాలులో పచార్లు చేస్తోంది. మా శ్రీమతి ఏదో స్తోత్రం ఆగకుండా చదువుతోంది. ఆ కనుమ ఎక్కడం దిగడం నా మనసులో వందసార్లు జరిగింది. ఒంటిగంటా ఇరవైకి వాడే ఫోను చేశాడు. గొంతు నిద్రగా ఉంది.

"లివర్‌మోర్ దగ్గర దిగి ఒక దుకాణం పార్కింగులో ఆపి పడుకున్నాను నాన్నగారూ. ఫోను సైలెంటులో ఉండిపోయింది. పాటలు వస్తూనే ఉన్నాయి. గ్రీన్ రివర్ మొదలవడం తెలుసు. తరువాత చూస్తే వేరే పాట సగంలో ఉంది. ఇది ఎప్పుడు అయిపోయింది, అది ఎప్పుడు మొదలైంది అనుకున్నాను. వెంటనే పెదనాన్న మాట గుర్తుకొచ్చింది. ఇంకో పాట పెట్టకుండా ముందొచ్చిన ఎగ్జిట్ తీసుకున్నాను."

ఫోను పెట్టేశాక ఎవ్వరం ఏమీ మాట్లాడలేదు. కోడలు అన్నం వేడిచేయడానికి లేచింది. నేను వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. అన్నవరం కొండకింద స్టీరింగు మీద తల వాల్చిన మనిషికీ, లివర్‌మోర్ పార్కింగులో సీటు వాల్చిన కుర్రవాడికీ నడుమ నలభై ఏడేళ్ళున్నాయి. ఒకరి కడసారి చూపుకు మరొకరు రాలేకపోయారు. అయినా ఆ పెద్దాయన మాట మాత్రం వేళకు అందింది. దాన్ని మోసుకుపోయింది నేనూ, నాతో కలిసి గరుకు గొంతుతో పాడిన ఆ నలుగురు ఎల్ సెరిటో కుర్రవాళ్ళూ.

రాత్రిపూట బండి నడిపే మిత్రులారా, మీకు నచ్చిన పాట మీరు పెట్టుకోండి. క్రీడెన్స్ కాకపోతే ఘంటసాల, ఆయన కాకపోతే మరొకరు. దరువుండాలి, చిన్నదై ఉండాలి, తెలిసినదై ఉండాలి. అది ఎప్పుడు అయిపోయిందో తెలియకపోతే మాత్రం దయచేసి బండి పక్కకు తీయండి. ఇంటి దగ్గర మీకోసం ఎవరో ఒకరు పుస్తకం తెరచుకొని కూర్చొని ఉంటారు. ఆలస్యమైతే ఫరవాలేదు, వాళ్ళు ఇంకొంతసేపు కూర్చోగలరు.